మధ్యాహ్నపు పుప్పొడి

"ఇవాళా బంకలాగే ఉంది," అంది మా అత్తగారు జావ గిన్నె పక్కకు నెట్టి. "తొమ్మిదేళ్ళ నుంచి ఓట్స్ మీదే ఉద్యోగం చేస్తున్నావు. జావ కాచడం రాకపోతే ఎలా అమ్మాయ్?"

మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే నవ్వాడు. నవ్వడానికి తల ఎత్తనక్కర్లేదు. జావ మళ్ళీ కాచడానికి మాత్రం నేను కుర్చీలోంచి లేవాలి. లేచాను. ఆ బంక ఉండబట్టే అవి మామూలు ఓట్స్ కావనీ, ఆ జిగురు పీచే ఆవిడ షుగర్ని అదుపులో పెడుతోందనీ, ఆ పీచు కోసమే నా కళ్ళూ నడుమూ అరగదీసుకున్నాననీ చెప్పొచ్చు. ఇదివరకు చెప్పాను కూడా. "ఏమోనమ్మా, మా కాలంలో జావ జారేది" అని ఊరుకుంది. నీళ్ళు ఇంకాస్త పోసి, కలిపి, చల్లార్చి మళ్ళీ ముందు పెట్టాను. పాప జడ వేసి, డబ్బా సర్ది, బడి దగ్గర దింపి ఆఫీసుకు వెళ్ళేసరికి నా టిఫిను నేను తిన్నానో లేదో నాకే గుర్తు లేదు.

మా ఆఫీసంటే విత్తనాల పరిశోధన కేంద్రం. నా పని కొత్త ఓట్స్ రకం తయారు చేయడం. బఠాణీతో కలిపి ఒకే మడిలో చల్లుకునే రకం. బఠాణీ తీగ ఎగబాకినా వంగిపోకూడదు, రెండూ ఒకేసారి కోతకు రావాలి, గింజలో పీచు ఎక్కువుండాలి. బఠాణీ నేలకు బలమిస్తుంది కాబట్టి ఎరువు సగానికి తగ్గుతుంది. చెప్పడానికి నాలుగు ముక్కలు, చేయడానికి తొమ్మిదేళ్ళు. ఓట్స్ పువ్వు బియ్యపు గింజంత కూడా కనిపించదు. పొద్దున్నే దాన్ని విప్పి, లోపలున్న మూడు కేసరాలూ పగలకముందే పట్టకారుతో లాగేయాలి. వెన్నుకు కాగితం కవరు తొడగాలి. రెండు రోజులాగి, మధ్యాహ్నం పూట ఇంకో మొక్క పుప్పొడి తెచ్చి అద్దాలి. ఓట్స్ పుప్పొడి పొద్దున రాలదు మరి, ఎండ తిరిగాకే రాలుతుంది. ఇంతా చేస్తే పది పువ్వుల్లో ఒకటో రెండో గింజ కడతాయి. కేసరాలు తీయించుకున్న మొక్క తల్లి, పుప్పొడి ఇచ్చినది తండ్రి. పుస్తకంలో తల్లి పేరే ముందు రాస్తాం. తల్లి పేరు ముందు రాసే చోటు లోకంలో ఇదొక్కటే అనుకుంటాను.

ఆ రోజు నా బల్ల మీద ఒక కాగితాల కట్ట ఉంది. దాని పక్కన మా పెద్ద సారు నిలబడి ఉన్నాడు. ఆయన్ని మడుల్లో పనిచేసే ఆడవాళ్ళు గొడుగు సారు అంటారు. ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చినప్పుడు గొడుగు వేసుకుని మడి గట్టు మీదకు వచ్చి, ఫోటో దిగి, బురద అంటకుండా వెనక్కి పోతాడు.

"మన రకం విడుదల దరఖాస్తు అమ్మా. రేపు సాయంత్రం అయిదింటికల్లా వెళ్ళిపోవాలి. ఇక్కడో సంతకం పెట్టెయ్."

రకాన్ని రూపొందించిన వాళ్ళ పేర్లు, ఎవరి వాటా ఎంతో రాసే పేజీ అది. అందులో ఉన్నవాళ్ళంతా ఒప్పుకుని సంతకాలు చేస్తేనే కమిటీ ముట్టుకుంటుంది. గొడుగు సారుకు అరవై. ఒక్కసారి వచ్చి బఠాణీ కాయ వలుచుకుని తిని వెళ్ళిన డైరెక్టరుకు పదిహేను. పీచు కొలిచిన ల్యాబ్ పెద్దకు పన్నెండు. అంకెలు కూడిపెట్టినాయనకు పది. అందరికంటే కింద, కాగితం అంచు తగిలేంత కింద, నేను. మూడు శాతం. 'క్షేత్ర సహాయం' అట.

"మూడా సార్?"

"అంకెల్లో ఏముందమ్మా! నువ్వు మా ఇంటి పిల్లవి. ఇంకో శుభవార్త విను, రకానికి మా అమ్మ పేరు పెడుతున్నాం. ఒకరకంగా స్త్రీజాతికే గౌరవం కదూ? విడుదల రోజున వచ్చినవాళ్ళందరికీ ఈ ఓట్స్ జావ పోయాలి. ఆ సంగతి నువ్వు చూసుకోవాలి. నీకంటే బాగా ఎవరు కాస్తారు?"

ఇంట్లోనేమో నాకు జావ చేతకాదు. ఆఫీసులో జావ తప్ప ఇంకేదీ చేతకాదు.

సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. ఇన్నాళ్ళూ ఆ సామెత ఎవరి గురించో అనుకునేదాన్ని. సంతకం పెట్టకుండా కాగితాలు తిరగేశాను. నాలుగో పేజీలో చేయి ఆగింది. మా రకానికి తల్లి, తండ్రి అని రాసిన చోట, రెండూ తారుమారయ్యాయి.

మేం వాడిన మొక్కలు రెండు. ఒకటి విత్తనాల బ్యాంకు నుంచి తెప్పించిన బొద్దు గింజల రకం. చూడ్డానికి బాగుంటుంది, ఫోటోకి బాగుంటుంది. రెండోది ఒక ముసలి రైతు దగ్గర దొరికిన పాత రకం, గింజ సన్నం. మేం దాన్ని బక్కది అనేవాళ్ళం. నేను చేరిన రెండో ఏడాది గొడుగు సారు "ఈ చెత్త ఎందుకమ్మా, పారేయ్" అన్నాడు. నేను పారేయలేదు. పీచంతా అందులోనే ఉంది. దాన్నే తల్లిని చేశాను. ఇప్పుడు దరఖాస్తులో బొద్దుది తల్లి, బక్కది తండ్రి అని ఉంది. సొంత అమ్మ పేరు పెట్టుకుంటున్న రకానికి అమ్మ ఎవరో ఈయనకు తెలియదు. చూస్తే కదా తెలియడానికి!

ఇది చిన్న తప్పు కాదు. ఆకుకు పచ్చదనాన్నిచ్చే భాగం ఒకటుంది, అది ఎప్పుడూ తల్లి నుంచే వస్తుంది. కమిటీ వాళ్ళు పరీక్ష చేయిస్తే ఇట్టే బయటపడుతుంది. దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఒక పంట కాలం పోతుంది.

నా చేయి దానంతటదే పెన్సిలు వెతుక్కుంది. తొమ్మిదేళ్ళుగా ఆయన తప్పుల్ని పెన్సిల్‌తో దిద్దుతున్నాను. పెన్సిలయితే ఎవరు దిద్దారో తెలియదు, టైపు చేసేవాళ్ళు సరిచేసేస్తారు, ఆయన పరువు పోదు. అంతకుముందు మా ఆయన థీసిస్ కూడా అలాగే దిద్దాను. నా కడుపులో పాప ఏడో నెల. మూడు వందల పేజీలు, మొదటి పేజీ చివర్లో "నా శ్రీమతి సహకారానికి" అని ఒక ముక్క. ఆ ముక్కలో అచ్చుతప్పు ఉంటే అదీ నేనే దిద్దాను. ఇలా దిద్దీ దిద్దీ ఎంతమంది మగాళ్ళని తెలివైనవాళ్ళని చేశానో లెక్క లేదు. పెన్సిల్ని సొరుగులో పడేశాను.

ఆ సాయంత్రం అన్నాలు తింటూ ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"మూడు వేశాడుగా. అసలు వేయకపోతే ఏం చేసేదానివి?" అన్నాడు మా ఆయన. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఆ తప్పేదో దిద్దేసి సంతకం పెట్టెయ్. నీ పంతం కోసం రైతులకు మంచి విత్తనం అందకుండా చేస్తావా?"

"పెళ్ళయ్యాక మా ఇంటి పేరు వచ్చింది కదా," అంది అత్తగారు, "ఇంకా పేరు, పేరు అని ఆ పాకులాటేంటో!"

నాకు ఒళ్ళు మండిపోయింది. రైతులు! నేను వాటా అడిగినప్పుడే వీళ్ళందరికీ రైతులు గుర్తొస్తారు. డైరెక్టరు బఠాణీలు తిని పదిహేను రాయించుకున్నప్పుడు రైతులు గుర్తుకు రారు. జీతం పెంచమంటే సంస్థ గుర్తొస్తుంది, సెలవు అడిగితే సీజను గుర్తొస్తుంది, ఒంట్లో బాగాలేదంటే పాప గుర్తొస్తుంది. నేను తప్ప అందరూ గుర్తొస్తారు. తొమ్మిదేళ్ళలో ఒక్క సీజనైనా మానేశానా? జ్వరంతో మడిలో కూర్చున్నాను. పాపకు అమ్మవారు పోసినప్పుడు కూడా వెళ్ళి కవర్లు తొడిగి వచ్చాను. ఆ వారమంతా అత్తగారు "అది తల్లా, రాయా" అని అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. ఆ రాయి కడుపు పంటే ఈవిడ రోజూ తాగే జావ. అరుద్దామనుకున్నాను గానీ పాప నా మొహమే చూస్తోంది. కంచాలు తీసి కడిగాను.

మర్నాడు ఆఫీసులో వాటాల పేజీ, నాలుగో పేజీ కొత్తవి తీసుకున్నాను. ఈసారి పెన్నుతోనే. తల్లి: బక్కది. తండ్రి: బొద్దుది. ఆధారం: క్షేత్ర పుస్తకాలు, తొమ్మిది. వాటాల దగ్గర నా పేరు అందరికంటే పైన రాసి, యాభై అని వేశాను. మిగతావాళ్ళు మిగతా యాభై పంచుకోనీ, తిలాపాపం తలా పిడికెడు. గొడుగు సారు సంతకం పెట్టకపోతే పుస్తకాలతో సహా నేరుగా కమిటీకే పంపుతాను. ఆయన నన్ను ఏ మూలకు బదిలీ చేస్తాడో కూడా తెలుసు. అయినా ప్రాణం హాయిగా ఉంది.

పుస్తకాలు మడి పక్కన షెడ్డులో ఉంటాయి. వెళ్ళేసరికి రెండున్నర. కళ్ళజోడక్క అప్పటికే, తర్వాత తేబోయే రకం కోసం వేసిన తండ్రి మొక్కల వరసలో వంగి, పుప్పొడి రాలడం మొదలైందా అని వెన్నులు చూస్తోంది. ఆమె మా మడిలో మొదటి ఏడాది నుంచీ రోజుకూలికి పనిచేస్తోంది. చిన్న పువ్వులు కనిపించడం కోసం సొంతంగా కళ్ళజోడు కొనుక్కుని, దారం కట్టి మెళ్ళో వేసుకుంది. పుస్తకాలు దింపడానికి సాయం పట్టమని పిలిచి, సంగతంతా చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పి శభాష్ అనిపించుకోవాలని ఉంది నాకు.

"గొడుగు సారుకు బాగా బుద్ధొస్తుంది," అని నవ్వింది. "ఇంతకీ మీకెంత రాసుకున్నారమ్మా?"

"వందలో సగం."

"బాగుంది." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. కేసరాలు మీరూ నేనూ కలిసే తీశాం. నేర్పింది మీరే, కాదనను. ఏ మొక్కకు ఏ మొక్కో చెప్పిందీ మీరే. కానీ మూడింటికల్లా పాపను బడి నుంచి తేవాలని మీరు వెళ్ళిపోయేవాళ్ళు కదా. మరి తొమ్మిదేళ్ళూ మధ్యాహ్నం పుప్పొడి అద్దింది ఎవరు?"

చేతిలో ఉన్న పుస్తకం తెరిచాను. ఎడమవైపు గడిలో తేదీ, తర్వాత తల్లి, తండ్రి, చివర్లో 'అద్దినవారు'. ఆ గడి నిండా పై నుంచి కింది దాకా నా పొట్టి సంతకం. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఆమె ఎన్ని పువ్వులకు అద్దిందో అడిగి, నేను రాసుకున్నవి. పేజీ అడుగున, అంచు తగిలేంత కింద, 'కూలీ – 1'.

"నేను చెప్పినట్టే కదా అక్కా నువ్వు చేశావు, కూలి కూడా ఇచ్చారుగా" అనే మాట నోటి దాకా వచ్చింది. అది గొడుగు సారు మాట. నా నోట్లో అంత సులువుగా ఎలా తయారైందో తెలియదు.

ఫోను తీసి మా ఆయనకు కలిపాను. "పాపను నువ్వే తీసుకురా. ఇవాళే కాదు, పువ్వులు అయిపోయేదాకా ఈ మూడు వారాలూ నువ్వే." అవతల "మీటింగు" అని ఏదో వినిపిస్తుండగా పెట్టేశాను. వెంట తెచ్చిన వాటాల పేజీ బల్ల మీద పరిచి, యాభైని అడ్డంగా కొట్టేసి, నా పేరు పక్కనే ఆమె పేరు రాశాను. రెండు పేర్లకూ ఎదురుగా గడులు ఖాళీగా ఉన్నాయి.

"నీకెంత వేయమంటావు అక్కా? నువ్వే చెప్పు. అయిదు దాకా టైముంది."

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. అన్నిటికంటే అడుగున ఉన్న మొదటి ఏడాది పుస్తకం లాగి, దుమ్ము దులిపి, నా ముందు పెట్టింది.

"ముందు పుప్పొడి అద్దేసి వద్దాం పదండి, ఎండ తిరిగింది. వచ్చాక మొదటి పేజీ నుంచి చదవండి. నేను లేని రోజులు నేనే చెప్తాను, మీరు లేని రోజులు మీరు చెప్పండి."