ఒకే పొద దగ్గర ఇద్దరు

మే నెలలో బాల్కన్ కొండల కింద మా లోయ సగం నిద్రలో ఉంటుంది. తెల్లవారుతూనే అత్తరు బట్టీల రాగి బానల నుంచి ఆవిరి లేచి గులాబీ తోటల మీద పరుచుకుంటుంది. కోసేవాళ్లకు నడుము కింద ఏమీ ఉండదు. తలలూ చేతులూ మాత్రం తేలుతుంటాయి. కొండ మీది మా గది కిటికీలోంచి చూస్తే అది నిజమో కలో తేలదు. నేను తేల్చుకోను. నా భార్య నెవెనా పోయాక ఆ అలవాటు మానేశాను.

ఆ గదిలో రైతుల సంఘం కంప్యూటర్ ఉంది. దాన్ని చూసుకునేది నేను. వడగళ్ల మబ్బు ఎటు పోతుందో అది రాడార్ బొమ్మల్ని బట్టి లెక్క కడుతుంది. రైతుల ఫోన్లకు కబురు పంపేదీ అదే. కబురు అందితే మొగ్గలతో సహా కోసుకుని బయటపడతారు. అందకపోతే ఏడాది పంట నేలపాలు.

జర్మనీలో చాలాకాలం ఉండి వచ్చిన ఇంజినీరు కామెన్, చలికాలంలో దాని ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ మీద, అంటే లెక్కలు చేసే ఒక్కో భాగం మీద, రెండేసి పనులు కలిసి నడిచేలా మార్చాడు.

"ఒకే పొద దగ్గర ఇద్దర్ని నిలబెట్టినట్టు బాబాయ్," అన్నాడు. "ఒకడు సంచి కోసం ఆగితే రెండోవాడు కోస్తుంటాడు. పొద ఊరికే ఉండదు."

"ఇద్దరూ ఒకే కొమ్మ మీద చెయ్యేస్తే?"

"మోచేతులు తగుల్తాయి. ఎవడి పని వాడికి కాస్త నెమ్మదిస్తుంది. మొత్తమ్మీద పువ్వు మాత్రం ఎక్కువే."

"మొత్తంతో మబ్బుకేం పనిరా? లెక్క ముందొచ్చిందా లేదా, అంతే."

"నీకు ఆలస్యం అంటే జ్వరమొస్తుంది బాబాయ్."

వస్తుంది. నెవెనా చెల్లెలు జ్లాట్కా, అక్క అంత్యక్రియలకు మట్టి పడ్డాక గానీ రాలేదు. అప్పటినుంచి ఆమెతో నాకు మాట లేదు. వాగు పక్క గులాబీలు ఆమెవే. మొగుడు వదిలేసి పోయాడు. ఆ వరుసలు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

ఒక ఉదయం బాల్కన్ కొండల మీద మబ్బు ఊదారంగుకు తిరిగింది. గదిలో మాత్రం ఫ్యాన్ల హోరు జోలపాటలా సాగుతోంది. ఒక్కోసారి ఆ హోరులో నెవెనా పక్కగదిలో కూనిరాగం తీస్తున్నట్టుంటుంది. తెర మీద లెక్క పాకుతోంది. కబుర్లు పంపే పనీ, బొమ్మలు చూపే పనీ అవే కోర్లను పంచుకుని, లెక్క చేతికింద పెట్టుకున్న సామానును పక్కకు తోసేస్తున్నాయి.

కామెన్ అద్దం గోడ అవతల ఉన్నాడు. నోటినిండా జున్ను పెట్టిన బనిత్సా రొట్టె. అద్దం తట్టి రెండు వేళ్లు చూపించాను, ఒకటి ముడిచాను. కోర్ల మీద రెండో వరుస పని ఆపెయ్యనా అని. వాడు తల పైకీ కిందికీ ఊపాడు.

మా వైపు అలా ఊపితే వద్దని. జర్మనీలో సరేనని. వచ్చిన దగ్గర్నుంచీ వాడు జర్మనీ తలే ఊపుతున్నాడు.

ఆపేశాను. లెక్క పరుగెత్తింది. వడగళ్లు వాగు పక్కకే. కానీ కబురు ఒక్కటీ కదల్లేదు. చోటు సగమైంది, మొదటి హక్కున్న లెక్క ఆ చోటంతా ఆక్రమించుకుంది.

కామెన్ తలుపు తోసుకొచ్చాడు. "వద్దన్నాగా!"

"తల కిందికి ఊపావు."

"అంటే వద్దనేగా! నువ్వు ఏ దేశపోడివి బాబాయ్?"

"నేను ఈ దేశపోణ్ణే. నీ తల ఏ దేశానిదో ముందు అది చెప్పు."

"నిన్నటిదాకా మా అమ్మ దగ్గరున్నా. మళ్లీ పాత అలవాటొచ్చింది," అంటూ వాడు రెండో వరుస తిరిగి తెరిచాడు. కబుర్లు ఒక్కొక్కటే కదిలాయి. జ్లాట్కా పేరు ఎక్కడో కింద ఉంది. మబ్బు అంతసేపు ఆగదు.

ఫోన్ తీసి ఆమెకు నేనే చేశాను.

"ఎవరు?"

"నేనే."

"ఇప్పుడెవరు పోయారు, బావా?"

"వడగళ్లొస్తున్నాయి. మొగ్గలు కూడా వదలకు. కొయ్యి."

"నీ మిషను చెప్పాలిగా?"

"ఆలస్యమైంది."

"ఓహో. దాన్ని కూడా వెలేశావా?"

"నోరు కాదు, చేతులాడించు."

పెట్టేశాను.

కిటికీ దగ్గర నిలబడ్డాను. తెల్లటి తెర ఒకటి చప్పుడు లేకుండా కొండ దిగింది. ఆవిరిలో తేలే చేతులు గబగబా కదిలాయి. తరవాత తెర వాటిని మూసేసింది. మా గది పైకప్పు రేకుల మీద కూడా రాళ్లు మోగాయి. అది వెళ్లాక లోయంతా గులాబీ వాసన, నలిగిన వాసన. ఎండలో మంచు మెరుస్తోంది. అంత అందంగా ఉండాల్సిన పని దానికి లేదు.

ఫోన్ మోగింది.

"ఎత్తు బాబాయ్," అన్నాడు కామెన్.

"సగం మిగిలాయి," అంది జ్లాట్కా. రొప్పుతోంది.

"సగం పోయాయి," అన్నాను.

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.