ఎదురుకాళ్ల సిద్దప్ప

మా ఆయన తంతే పట్టేసిన నడుము వదిలిపోతుందని జహీరాబాద్ నుంచి ఝరాసంగం దాకా అందరికీ తెలుసు. నన్నడిగితే అందులో సగం నమ్మకం, మిగతా సగం కాసేపు బోర్లా పడుకుంటే వచ్చే సుఖం అంటాను. కానీ నన్నెవరడిగారు?

ఆయన పేరు సిద్దప్ప. తల్లి కడుపులోంచి తలకు బదులు కాళ్లు ముందు పెట్టి వచ్చాడు. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తాకితే నడుము పట్టు విడుస్తుందని మా దిక్కు నమ్మకం. బొంబాయి రోడ్డు పక్కన మాది పంచరు దుకాణం. లారీ డ్రైవర్లకు నడుము పట్టేయడం మామూలే కాబట్టి టైరుకు పంచరు, మనిషికి తన్ను, రెండూ ఒక్కచోటే దొరికేవి. పంచరుకు పైసలు తీసుకునేవాడు, తన్నుకు తీసుకునేవాడు కాదు. తీసుకుంటే కాలు పనిచేయదట. కొబ్బరికాయలు మాత్రం వచ్చేవి. ఆ కొబ్బరి పచ్చడి తిని తిని నా నాలుక మొద్దుబారింది.

వచ్చినవాళ్లు గోనెపట్టా మీద బోర్లా పడుకోవాలి. ఈయన కుడికాలు కడుక్కుని, నడుము మీద మెల్లగా మూడుసార్లు తాకిస్తాడు. తర్వాత వంగి వాళ్ల వీపును చేత్తో ముట్టి కళ్లకద్దుకుంటాడు. "ఎట్లుంది?" అని అడుగుతాడు. పొరపాటున కాలు తగిలితేనే కళ్లకద్దుకునే జనం మనం. కాలితో తన్నడం కంటే అవమానం ఇంకోటి లేదు. అలాంటిది ఈ మనిషిని మాత్రం తన్నమని బతిమాలుకునేవాళ్లు.

అల్లం తోటల ఆసామి ఇంద్రసేన కూడా ఒకసారి వచ్చాడు. మా మామ బతికినన్నాళ్లూ ఇంద్రసేన తండ్రి ముందు నిలబడి "కాల్మొక్త దొరా" అన్నవాడే. ఆ దొర కొడుకు ఇద్దరు పట్టుకుంటే కారు దిగి, మూలుగుతూ మా గోనెపట్టా మీద పడుకున్నాడు. సిద్దప్ప అతన్నీ అందరిలాగే మూడుసార్లు తాకాడు, అందరిలాగే కళ్లకద్దుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. ఎందుకని అడిగితే కడుపు నిండిందన్నాడు.

అంత గొప్ప కాలికి పోయిన ఎండాకాలం బండి సైలెన్సరు తగిలింది. కాలిన సంగతి ఆయనకు తెలియనే లేదు. ఆయనకు షుగర్, అది ఉన్నవాళ్లకు పాదం మొద్దుబారిపోతుందట. బొబ్బ పుండైంది, పుండు నల్లబడింది. నేను మొత్తుకుంటూనే ఉన్నాను, ఆయన పసుపు రాసుకుంటూనే ఉన్నాడు. చివరికి దవాఖానకు తీసుకుపోతే డాక్టరు కట్టు విప్పి చూసి, ఆయనతో కాకుండా నాతో మాట్లాడాడు.

"పాదం తీసెయ్యాలమ్మా. ఈ సోమారం దాక చూస్త. అటెనక మోకాలు దాక పోతది. ఇంకా లేటైతే మనిషే దక్కడు."

ఇంటికొచ్చాక నాకొక బాధ మొదలైంది. ఏ మాట మాట్లాడబోయినా అందులో కాలే వచ్చేది. మందుల కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాననబోయి ఆగాను. ఎదురింటి నారమ్మ "కాలుగాలిన పిల్లి తీరు తిరుగుతున్నవ్ ఎందుకే" అనేసి నాలుక కరుచుకుంది. మా పెళ్లప్పుడు వీళ్లవాళ్లు మా అమ్మకు "నీ బిడ్డను కాలు కింద పెట్టనియ్యం" అని మాటిచ్చారు. నెల తిరగకముందే నన్ను టైర్లు దొర్లించడానికి పెట్టారు, అది వేరే సంగతి. మనిషి నోట్లో ఇన్ని కాళ్లున్నాయని ఒకటి పోయే ముందు గానీ నాకు తెలియలేదు.

సిద్దప్ప మాత్రం దవాఖానకు రానన్నాడు.

"కాలు పోతే నా దగ్గర ఏముంటది, నాగరాణీ? పంచరు ఎవడైన ఏస్తడు. సిద్దప్ప అని ఎవడు తలుస్తడు?"

"పానం ఉంటది" అన్నాను.

"పానం అందరికి ఉంటది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీతోని తన్నిచ్చుకున్నోళ్లు రేపు నీ పాడె మోస్తరు. గంతే. ఎల్లుండి నుంచి ఇల్లు నేనే మొయ్యాలె. ఇంద్రసేన వచ్చి మోస్తడా?" అన్నాను. దాంతో ఆయన ఒంటికాలి మీద లేచాడు. చేతికందిన చెంబు గోడకేసి కొట్టాడు. ఆ తర్వాత మాటల్లేవు. నేను వండిపెట్టాను, ఆయన తిన్నాడు, రోజులు గడిచాయి. కట్టు మార్చేటప్పుడు వాసన వచ్చేది. నాకు భయమేసింది. ఆయన లేకపోయినా దుకాణం నడుపుకోగలను, బతకగలను. కానీ పొద్దున లేస్తే తిట్టుకోవడానికి ఆ మనిషి ఉండడని ఏడుపొచ్చింది. వంటింట్లో ఏడ్చి, కళ్లు కడుక్కుని బయటికొచ్చాను.

ఇదంతా మా అత్త గిరిజమ్మ ఒక మూల కూర్చుని వింటూనే ఉంది. ఆమె నడుము వంగి సగమైపోయింది. నడుస్తుంటే నేల తప్ప ఏమీ కనపడదు. సిద్దప్పను కన్నప్పుడు మంత్రసాని కాళ్లు పట్టి బయటికి లాగిందట. ఆ కాన్పులో పోయిన నడుము మళ్లీ నిలబడలేదు. ఇంట్లోనే మందు పెట్టుకుని ఈ బాధేమిటని ఊరంతా అడిగేది. కన్నతల్లికి కాలు తగిలితే వాడు ఆ పాపం ఎక్కడ కడుక్కుంటాడని ఆమె అనేది. ఆయనా ఎన్నడూ అడగలేదు. ఆ నడుమును చూసి చూసి, లేచి దుకాణానికి వెళ్లిపోయేవాడు.

సోమవారం పొద్దున సిద్దప్ప మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆటో మాట్లాడి, సంచి సర్ది, గడపలో నిలబడ్డాను.

అత్త గోడ పట్టుకుని లేచింది. దుకాణంలోకి పోయి గోనెపట్టా ఈడ్చుకొచ్చి మంచం పక్కన పరిచింది. ముందు మోకాళ్లు ఆనించి, తర్వాత చేతులు ఆనించి, మూలుగుతూ బోర్లా పడుకుంది. వంపు వల్ల బొజ్జ నేలకు ఆనడం లేదు.

"సిద్దూ, లే. తన్ను" అంది.

ఆయన ఇటు తిరిగి చూసి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. "లే అవ్వా. గదేం పని? నాతోని గాదు."

"ఊరోళ్ల నడుములన్ని తన్నినవ్. దొరను గూడ తన్నినవ్. నన్ను ఇడిశిపెట్టి, కాలు తీపిచ్చుకుంటవా?"

"నేను తీపిచ్చుకోను. నిన్ను తన్నను. పాపం తగుల్తది."

"కడుపుల ఉన్నప్పుడు తన్నలేదా? అప్పుడు లేని పాపం ఇప్పుడు ఎక్కడికెళ్లొచ్చింది? జల్ది తన్ను, నాకు ఊపిరాడుత లేదు."

ఆయన నావైపు చూశాడు. నేను వెళ్లి భుజం ఇచ్చాను. నా మీద బరువంతా వేసి ఎడమకాలి మీద నిలబడ్డాడు. కట్టు కట్టిన కుడికాలు ఎత్తాడు. తల్లి నడుము మీద దాన్ని ఒకసారి ఆనించాడు, ఇంకోసారి ఆనించాడు. మూడోసారి ఆనించి తీయలేదు. ఆ పాదానికి స్పర్శ లేదు. తల్లి వీపు తగిలిన సంగతి కూడా ఆయనకు తెలిసి ఉండదు. అందుకేనేమో, కిందికి కూలబడి రెండు చేతులతో ఆ నడుమును తడిమాడు. చేతులు కళ్లకద్దుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. మా పెళ్లైనప్పటి నుంచి ఆయన ఏడవగా చూడటం అదే మొదలు.

"ఎట్లుంది అవ్వా?" అన్నాడు.

అత్త నేనిచ్చిన చెయ్యి పట్టుకుని మోకాళ్ల మీదికి, అక్కడి నుంచి నిలువునా లేచింది. నిలువునా అంటే ఆమెకెంత వీలైతే అంత. నడుము ఎప్పటిలాగే వంగి ఉంది, ముఖం నేలవైపే ఉంది.

"పోయిందిరా. నొప్పంత పోయింది. అల్కగైంది" అంది నేలను చూస్తూ. "ఇగ నీ కాలు పని అయిపోయింది. పో."

ఆయన ఆ వంగిన నడుమును చూశాడు. నేనూ చూశాను.

"ఆటో ఉన్నదా, పోయిందా?" అని అడిగాడు.