టిఫిన్ బల్ల మీద వక్రీభవనం

నేను ఒక నల్లబల్లను. హెడ్మిస్ట్రెస్ గారి ఫోను వచ్చినప్పుడు నా మీద "ఇడ్లీ, పునుగులు, పెసరట్టు" అని రాసి ఉంది. సత్యవతి పిండి చేతిని కొంగుకు తుడుచుకుని ఫోను ఎత్తింది. విని, నా పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. పెనం మీద అట్టు మాడిపోయింది. ఆమె అట్టు మాడ్చడం నేనెప్పుడూ చూడలేదు.

వార్త మంచిదే. పచ్చకామెర్లు వచ్చి నెలల తరబడి బడికి పోలేకపోయిన ఆమె కూతురు జ్యోత్స్నకు హాజరు చాలకపోయినా, పదో తరగతి పరీక్షలు రాయడానికి అనుమతి వచ్చింది. ఇక మూడు వారాలే గడువుంది. తప్పితే తోటివాళ్లంతా కాలేజీకి పోతారు, తను ఒక్కతే మిగిలిపోతుంది. అందుకే ఆ పిల్ల నవ్వలేదు. వెనక గదిలోకి వెళ్లి పుస్తకం తెరిచింది.

మిగిలిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. పాత బీరువా తలుపు కోయగా మిగిలిన చెక్కతో ఒక వడ్రంగి నన్ను చేసి నల్లరంగు పూశాడు. మొదట ట్యూషన్ పిల్లల ఎక్కాలు మోశాను. ట్యూషన్ ఎత్తేశాక రేషన్ కొట్టుకు చేరి, చాలాకాలం "కందిపప్పు ఇంకా రాలేదు" అన్న ఒక్క వాక్యంతో వేలాడాను. వచ్చినవాళ్లందరూ నావంకే చూసి విసుక్కునేవాళ్లు, పప్పు నేను దాచుకున్నట్టు. తర్వాత తెనాలిలో కాలవగట్టు దగ్గర ఈ టిఫిన్ కొట్టు. మనుషులు నావైపు చూస్తారు గాని నన్ను చూడరు. రాసింది చదువుకుని వెళ్లిపోతారు. ఆ రాత నాదని అనుకునేలోపే తడిగుడ్డ వస్తుంది.

పొద్దుటి టిఫిన్లయి కొట్టు కట్టేశాక నన్ను వెనక గదిలో గోడకు ఆనిస్తారు. అందుకని జ్యోత్స్న చదువు రోజూ నా ఎదుటే సాగేది. స్నేహితురాళ్లు బడిలో స్టడీ అవర్లలో ఉండేవాళ్లు. ఈమెకింకా నీరసం తగ్గలేదని తల్లి పంపలేదు. పిల్ల ఒంటరిగా మజ్జిగన్నం తిని, వాళ్లలో రేష్మా అనే అమ్మాయి నోట్సు తెచ్చుకుని నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో మళ్లీ రాసుకునేది. చూడముచ్చటగా ఉండేది. ఏ రోజుకా రోజు మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టేది. సాయంత్రానికి మూడో పాఠం దాటేది కాదు. చివరి పాఠాల పేజీలు కొత్త పుస్తకంలో లాగే అంటుకుని ఉండేవి.

ఒకనాడు విసుగుపుట్టి, సుద్దముక్క తీసుకుని, పుస్తకం చూస్తూ నామీద వక్రీభవనం నిర్వచనం రాసింది. మర్నాడు హడావుడిలో సత్యవతి దాన్ని తుడవడం మరిచి, కింద ఇడ్లీ, అట్టు అని రాసి నన్ను బయట తగిలించింది.

ఆటో తోలే సాంబయ్య గ్లాసుతో నీళ్లు ముంచుకుంటూ నన్ను చదివాడు.

"వక్రీభవనమంట. ఇదేం టిఫినక్కా, అల్లప్పచ్చడి వస్తదా దీంతో?"

"అది మా అమ్మాయి చదువులే. అట్టు తింటావా, పరీక్ష రాస్తావా?"

"రాద్దామనే. యానకం అని రాసింది, అదేందమ్మాయ్?"

పెరుగు గిన్నెతో వచ్చిన జ్యోత్స్న గడగడా అప్పజెప్పింది. "కాంతి ఒక యానకం నుండి మరొక యానకంలోకి..."

"ఆ, అదే. ఆ యానకమంటే?"

పిల్ల పెరుగు గిన్నె కింద పెట్టింది. "యానకమంటే... యానకమే బాబాయ్."

"నేనూ అదే అనుకున్నాలే," అని సాంబయ్య అట్టు తుంచుకున్నాడు.

ఆ రోజు ఆమె స్కెచ్ పెన్నులు ముట్టుకోలేదు. నేరుగా ఆ పాఠం తీసి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది నా మీద రాసింది. గుర్తురానిచోట ఖాళీ వదిలింది. నా ఒంటి మీద ఎన్ని ఖాళీలో. మళ్లీ పుస్తకం తెరిచి ఆ ఖాళీల వరకే చదివింది.

మర్నాడు సాంబయ్య ముందు గ్లాసెడు నీళ్లలో స్పూను వేసింది. "నీళ్లూ యానకమే, గాలీ యానకమే బాబాయ్. వెలుతురు నీళ్లలోంచి గాలిలోకొచ్చేటప్పుడు దోవ మారుద్ది. స్పూను వంగలా, మనకట్టా కనబడుద్దంతే."

సాంబయ్య స్పూను బయటికి తీసి చూశాడు, మళ్లీ వేశాడు. అతని అట్టు చల్లారిపోయింది.

ఇక అదే అలవాటైంది. నా పైసగం పాఠానికి, కిందిసగం టిఫిన్లకు. తినేవాళ్లు నోట్లో ముద్ద పెట్టుకుని అడిగేవాళ్లు, ఆమె పుస్తకం లేకుండా చెప్పేది. చెప్పలేనిది ఆ సాయంత్రం చదివేది. మొదటి పాఠం దగ్గరికి మళ్లీ పోలేదు. చివరి పేజీలు విడివడ్డాయి. కాలేయం గురించి అడిగినప్పుడైతే తన జబ్బునే పాఠంగా చెప్పింది, బెంచీ మీదున్నవాళ్లంతా నూనె పునుగులు వదిలేసి మజ్జిగ తాగి లేచారు.

ఖాళీలు తగ్గుతుంటే నాకు సంతోషంగానూ ఉండేది, దిగులుగానూ ఉండేది. ఆమెకు నాతో అవసరం తీరుతోంది.

ఈ సాయంత్రం ఆమె నన్ను మొత్తం తుడిచింది. రేపు తెలుగు పరీక్ష. ఆ పాఠాలు నా మీద రాయకుండానే గోడవైపు తిరిగి చెప్పుకుంది. ఎక్కడా ఆగలేదు. సత్యవతి గుమ్మంలో నిలబడి విన్నది.

"సాంబయ్య ఆటో తెస్తానన్నాడు. నువ్వు లోపల రాస్తుంటే నేను గేటు దగ్గర కూచుంటా. బల్ల మీద రాయవే."

"ఏం రాయను?"

చెప్పింది. జ్యోత్స్న ఒక క్షణం తల్లి ముఖం చూసి, పైసగం కిందిసగం అనకుండా పెద్ద అక్షరాలతో రాసి, నన్ను మూసిన కొట్టు ముందు తగిలించింది. రేపంతా వచ్చిన వాళ్లందరికీ నేనొక్కదాన్నే చెప్పాలి.

"రేపు టిఫిన్లు లేవు. అమ్మాయితో పరీక్షకు వెళ్తున్నాను."