ముప్ఫై రెండు ఎర్ర దారాలు

ఇంటి వెనక గోడకి ఆనించి కట్టిన అద్దాల గది ఆడపడుచుది. ఇల్లు అక్కాతమ్ముళ్లకి ఉమ్మడే కానీ, ఆ గదిలో మాత్రం ఆవిడ మాటే చెల్లాలి. ముప్ఫై రెండు కుండీలు. పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తుంది, పదింటికి పై కిటికీ తెరుస్తుంది, నాలుగింటికి మూస్తుంది. ఆ మెత్తదనంలో వీసమెత్తు కూడా మనుషుల దాకా వచ్చేది కాదు.

తమ్ముడి భార్యకి ఆ గది తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడేది. కానీ తప్పదు. మూడేళ్ల కూతురికి దగ్గు పట్టుకుని రెండు నెలలయింది. మిగతా గదులన్నీ చెమ్మ. పిల్లని ఎండలో కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. ఆ ఇంట్లో ఎండ వచ్చేది ఆ అద్దాల గదిలోకే.

ఆ కుండీల్లో ఉన్న విషపు మొక్కలు పారేయమని అడిగితే, నిన్నూ నీ పిల్లనీ పారేస్తాను అన్నట్టు చూసింది వదిన. మొగుడు మధ్యలో పడ్డాక, వదిన గన్నేరుతో కలిపి నాలుగు కుండీలకి ఎర్ర ఊలుదారం కట్టింది. దారం ఉన్నవి ముట్టుకోకూడదని పిల్లకి తనే నేర్పింది. పిల్ల నేర్చుకుంది కూడా. దారం చూస్తే చేతులు వెనక్కి పెట్టుకునేది. దారం లేని నిమ్మమొక్క దగ్గర నిలబడి ఆకు వాసన చూసేది.

తల్లికి మాత్రం నిద్ర పట్టలేదు. నాలుగేనా? మిగతావాటి సంగతి ఈవిడకి తెలియకపోతే? తెలిసీ చెప్పకపోతే? శనివారం వదిన మట్టి కొనడానికి వెళ్లిన గంటలో, మిగిలిన ఇరవై ఎనిమిదింటికీ తనే ఎర్ర దారం కట్టేసింది. అప్పటికిగానీ ఊపిరాడలేదు.

వదిన వచ్చి చూసింది. ఒంటికాలి మీద లేస్తుందనుకుంటే, నవ్వింది. కట్టినదానివి నువ్వే విప్పాలి, నేను వేలు పెట్టను, అంది. ఇద్దరూ విప్పలేదు. పిల్ల రెండు రోజులు బిక్కమొహం వేసుకుని కూర్చుంది. మూడో రోజుకి దానికి దారమంటే లెక్క లేకుండా పోయింది.

ఆ మూడో రోజే తల్లి దగ్గు మందు కోసం వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, పిల్ల కుండీల మధ్య కూర్చుని ఏదో నములుతోంది. పెదాల మీద ఆకుపచ్చ రసం. తల్లి దాని నోట్లో వేలు పెట్టి ముద్ద బయటికి లాగింది. ఫోనులో డాక్టరు అడిగిన మొదటి మాట, ఏ మొక్క అని.

"ఎర్ర దారం ఉన్నదండీ" అంది. తన మాట తన చెవిన పడేసరికి కుండీల వైపు తిరిగింది. అన్నిటికీ ఎర్ర దారమే.

అరుపులు విని వదిన వచ్చింది. తల్లి అరచేతిలోని ముద్దని వాసన చూసింది.

"నిమ్మాకు."

"అబద్ధం. మీ మొక్కలకి మాట రాకూడదని అలా అంటున్నారు."

వదిన ఆ ముద్ద తీసి తన నోట్లో వేసుకుంది. తల్లి కళ్లలోకి చూస్తూ, తొందర లేకుండా నమిలి మింగింది.

"ఇప్పుడు డాక్టరుకి చెప్పు. పోతే పిల్లా నేనూ ఇద్దరం పోతాం."

తల్లి చెప్పింది. నిమ్మాకయితే భయం లేదు, ఒక గంట కనిపెట్టి ఉండమన్నాడు డాక్టరు. ఆ గంటా ఆమె కూతురి మొహమూ వదిన మొహమూ మార్చి మార్చి చూస్తూనే ఉంది. పిల్లకి ఏమీ కాలేదు. వదిన కత్తెర తెచ్చుకుని, ఇరవై ఎనిమిది దారాలూ తెంచి కింద పడేసింది.

"చేత్తో ఏరి తీసుకెళ్లు" అంది. "రేపట్నుంచి పిల్ల వస్తుంది. నువ్వు రావు. దానికి నేర్పితే వస్తుంది, నీకు రాదు."

తల్లి వంగి ఏరుకుంది.

మర్నాడు పొద్దున్నే పిల్లని గుమ్మం దాటించి, బయటే నిలబడింది. లోపల వదిన ఆకులు తుడుస్తోంది. పిల్ల గన్నేరు వైపు నడిచింది. అద్దం మసకబారింది. తల్లి కొంగుతో గబగబా తుడిచింది. ఆవిరి లోపలి వైపు పట్టింది. ఎంత తుడిచినా పోలేదు.