ఈ పూట కప్పు నాదే

పెళ్లయి కొకురా పట్నంలోని ఈ ఇంటికి వచ్చిన రోజు ఫుసాకో చేతిలో ఉన్న పెట్టుబడి ఒక్కటే, అమ్మ ఇచ్చిన తవుడు కుండ. ఉప్పు కలిపిన ఆ తవుడును రోజూ చెయ్యి పెట్టి అడుగు నుంచి తిప్పాలి. తిప్పడం మానితే పులిసి కంపు కొడుతుంది. ఇరవై రెండేళ్లు తిప్పింది. చంటిపిల్ల చంకలో ఉన్నా, ఒంట్లో జ్వరం ఉన్నా తిప్పింది. ఆ తవుడు వేసి కవళ్ల చేపలు ఉడికిస్తే వీధి మలుపు దాకా ఘుమఘుమ. భర్త యసునోరి మాత్రం "ఊఁ" అంటాడు. "చేతులు తవుడు కంపు, కాస్త అవతల కూర్చో" అన్నదీ అతనే. ఆ "ఊఁ"నే మెచ్చుకోలు కింద జమకట్టుకుంటూ వచ్చింది.

సూపర్‌మార్కెట్ వంటగదిలో ఆమె పక్కన కూరలు తరిగే మిచిరు ఒకరోజు ఫోన్ చూపించింది.

"ఫుసాకో గారూ, ఈ అంచు విరిగిన నీలం పళ్లెం మీదే కదూ? మొన్న నాకు చేప పెట్టి తెచ్చారు!"

పళ్లెంలో నిన్నటి కవళ్లు. కింద యసునోరి రాత: "ఈ పూట కప్పు నాదే!" కమ్మగా తిన్నవాడు పోటీ గెలిచినట్టు నెట్‌లో చెప్పుకునే మాట అది. నాలుగు వేల లైకులు. మీరే వండారా అని ఎవరో అడిగారు. "మరెవరనుకున్నారు? మా అమ్మ కుండ!"

"మీ ఆయనకి ఇంత నోరుందా!" అని నవ్వబోయి ఆగిపోయింది మిచిరు.

ఫుసాకో ఫోన్ తిరిగిచ్చి మళ్లీ కత్తి అందుకుంది. రుచి తెలియని మనిషనుకుని ఇన్నాళ్లూ సర్దుకుంది. తెలుసన్నమాట. తెలిసే, ఆ మాట ఇంట్లో అనకుండా బయట తన పేరున చెలామణి చేసుకున్నాడు. అతను ఫోటో తీసి, తిని, మారు అన్నం పెట్టించుకుని లేచేసరికి ఆమె వంతు చేప చల్లారి గడ్డకట్టేది.

ఆ సాయంత్రం ఫోన్ నుంచి తలెత్తకుండానే అడిగాడు. "ఏమోయ్, ఆ కుండ ఎన్నాళ్లకోసారి కలుపుతావ్? ఊరికే అడుగుతున్నా."

ఆమె చెయ్యి అప్పుడు మణికట్టు దాకా కుండలోనే ఉంది.

"నెలకోసారండీ" అంది.

అతను ఆ మాటే నెట్‌లో పెట్టాడు. మర్నాటికి కొకురా ముసలమ్మలంతా అక్కడే అతని మీద పడ్డారు. "నెలకోసారా? పురుగుల్ని పెంచుతున్నావా నాయనా?" "ముందు ఆ కుండ కలిపే ఆవిడ పేరు చెప్పు!"

వంటింటి గుమ్మంలో చెవులు ఎర్రబడి నిలబడ్డాడు. "నన్ను నవ్వులపాలు చేశావ్!"

"కప్పు కొట్టింది మీరు. కుండ సంగతి మీకే తెలియాలి."

"ఇప్పుడేం రాయమంటావ్?"

"వండేది ఫుసాకో అని రాయండి. రాయకపోతే మీ చేప మీరే ఉడికించుకోండి. తవుడు మాత్రం ఇవ్వను."

ఆమె పొయ్యి మీది కవళ్లను నీలం పళ్లెంలోకి తీసి, తన ముందే పెట్టుకుని కూర్చుంది.

లెక్క చూస్తే మిగిలింది కొద్దే. అమ్మ కుండ, గోళ్ల సందుల్లో తవుడు వాసన, ఇరవై రెండేళ్లలో మొదటిసారి నాలుక చుర్రుమనేంత వేడిగా ఒక ముక్క.

"ఈ పూట కప్పు నాదే" అంది, అతనికి వినపడేలా.