నాలుగు గంటల నీళ్లు

కుప్పంలో మా ఆడబిడ్డ కొడుక్కి చెవులు కుట్టిన రోజు అది. భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి. ఆకులో పాయసం పోయించుకుంటూ మా అత్త మునిరత్నమ్మ తీరిగ్గా చెప్పింది.

"పొద్దున ట్యాంకరోడు పోసిన నీళ్లు పాసి వాసన వస్తాండాయి. మిద్దె మీద ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు బాగా ఏసి వచ్చినా. మా బుజ్జప్ప గూడా శుభ్రమైన నీళ్లలో ఉండనీ."

మా ఆయన వరుణ్ చేతిలోని ముద్ద ఆకులోకి జారిపోయింది.

మదనపల్లెలో మా ఇంటి హాలు నిండా చేపల తొట్లే. బకెట్లు మోయలేక వరుణ్ ఒక ఏర్పాటు చేశాడు. రోజూ సాయంత్రం నాలుగు కాగానే టైమరు తిరిగి, మిద్దె మీది ట్యాంకు నుంచి అన్ని తొట్లలోకీ సన్నగా నీళ్లు దిగుతాయి. పాత నీళ్లు పొంగి పైపులో వెలుపలికి పోతాయి. కొళాయి నీళ్లలో ఉండే కాస్త క్లోరిన్ మందును ఆపడానికి ఫిల్టరుంది. మా అత్త ధారాళానికి మాత్రం అది చాలదు. ఆ నీళ్లు దిగితే ఒక్క చేప మిగలదు.

మిగతావి పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. బుజ్జప్ప సంగతి వేరు. మామయ్య పోయాక ఎవరితోనూ సరిగా మాట్లాడని మా అత్త, ఆ నారింజరంగు చేపకు మేత వేస్తూ మళ్లీ నోరు విప్పింది. అది చూసి ఆ రోజు వంటింట్లో నిలబడి ఏడ్చాను. నీ చేతులతోనే దాన్ని చంపుకున్నావని ఇప్పుడామెకు ఎవరు చెప్పాలి?

అప్పటికే మూడు దాటింది. కారెంత తోలినా నాలుగులోగా మదనపల్లె చేరలేం. తాళాలు మా దగ్గరే ఉన్నాయి. ఎవరిచేతనైనా బయటి ఫ్యూజు తీయిద్దామంటే, కరెంటు పోయినా తొట్లు ఆగకూడదని మా ఆయనగారు ఇన్వర్టరు కూడా తగిలించి పెట్టారు.

"ట్యాంకు దగ్గర చేపల లైనుకు వేరే వాల్వుంది. మెట్లు బయటే కదా, ఎవరన్నా ఎక్కి కట్టేస్తే చాలు," అన్నాడు వరుణ్. "రుక్మిణక్కకు ఫోన్ చెయ్."

పక్కింటి రుక్మిణమ్మతో నాకు మాటల్లేవు. తొట్ల నీళ్లు తన వాకిట్లోకి పారుతున్నాయని ఆమె, పారితే ఏమైందని నేను, మొన్ననే వీధంతా వినేలా పోట్లాడుకున్నాం. అయినా స్పీకరు పెట్టి చేశాను.

"ఏమమ్మా, అనాల్సినవి ఇంగా ఏమన్నా మిగిలుండాయా?" అంది ఎత్తగానే.

జరిగింది గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "నీ కాళ్లు పట్టుకుంటా అక్కా. ఒక్కసారి మా మిద్దె ఎక్కి ఆ ఎర్ర పిడి తిప్పు."

గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. అత్తకు సంగతి అర్థమైపోయింది. ఎంగిలి చేత్తోనే నా కొంగు పట్టుకుంది.

"నేను ఎక్కను," అంది రుక్మిణమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. "కోపముంటే నన్ను తిట్టుకో. నోరులేని జీవాలు నిన్నేం చేసినాయి?" అన్నాను. వరుణ్ ఫోన్ లాక్కోబోయాడు.

"ఎక్కే పన్లేదు స్వర్ణా." ఆమె గొంతు తగ్గింది. "అది కట్టేసే ఉండాది. మీరు ఊరికి పోయినప్పుడంతా నేనే ఎక్కి కట్టేస్తా. మీరు వచ్చేలోపల తెరిచేస్తా. ఆ ఒక్క దినమన్నా నా వాకిలి ఆరనీలే అని. ఈపొద్దు గూడా మీ కారు మలుపు తిరగంగానే కట్టేసినా."

మా మిద్దె ఎక్కి, మా వాల్వు కట్టేసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ తెరిచి పెట్టడం. మామూలు రోజైతే వీధి అదిరిపోయేది. ఆ మాట అనడానికే నోరు తెరిచాను, ఏడుపు వచ్చేసింది.

"తిట్టవేమమ్మా?" అంది రుక్మిణమ్మ.

అత్త నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "రుక్మిణీ, మేమొచ్చేదాకా దాన్ని తెరవొద్దు తల్లీ."

"మీరొచ్చినా తెరవను. ముందు ఆ పైపు ఇంగో పక్కకు తిప్పీండి," అంది రుక్మిణమ్మ.