దేవసహాయం మంగలికత్తి

రేపల్లె హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే దేవసహాయానికి ఏదైనా తలకెక్కిందంటే దిగడానికి ఆరు నెలలు పడుతుంది. నిరుడు తేనెటీగలు. అవి ఆయన్ని రెండుసార్లు, పక్కింటి రావమ్మగారిని నాలుగుసార్లు కుట్టాక పెట్టెలతో సహా అమృతలూరులో ఒక రైతుకిచ్చేశాడు. ఈ ఏడు మంగలికత్తి. ఫోనులో ఎవరో చెంప మీద కత్తి జారుస్తూ, మంచిదొకటి కొంటే జీవితాంతం వస్తుందని చెప్పడం చూసి అప్పటికప్పుడే ఆర్డరు పెట్టాడు.

వచ్చిన కత్తి తళతళలాడుతోంది. రేకు మీద పులి బొమ్మ కూడా ఉంది. నురగ పట్టించి గీస్తే గడ్డం తెగలేదు. వెంట్రుకలు పక్కకి ఒరిగి, కత్తి వెళ్ళాక మళ్ళీ లేచి నిలబడ్డాయి. చెంప మాత్రం భగ్గున మండింది.

ఆస్పత్రి డ్యూటీకి బయల్దేరుతున్న భార్య సరోజ ఆ చెంప చూసి, "ఏంటండీ, పులి కరిచిందా?" అంది.

"ఎంచుకోవడం తెలియాలి. నాకు తెలియలేదు, అంతే," అన్నాడు దేవసహాయం.

తెలిసినాయన తెనాలిలో ఉన్నాడని డ్రిల్లు మేస్టారు చెబితే, రెండో శనివారం రైలెక్కి వెళ్ళాడు. కోటయ్యకి డెబ్బై దాటాయి. ఆయన సెలూన్లో ఇప్పుడందరికీ సగం బ్లేడుతోనే గీస్తారు, మనిషి మనిషికీ బ్లేడు మారుస్తారు. తన పాత కత్తుల్ని మాత్రం నూనెగుడ్డలో చుట్టి సొరుగులో దాచుకున్నాడు.

కోటయ్య పులికత్తిని చేతి అద్దం మీద పడుకోబెట్టాడు. "కింద వెలుగు కనపడతందా మేస్టారూ?"

"కనపడుతోంది బాబాయ్."

"నడుం వంకర దీనికి. సానరాయి మీద పెడితే సగం అంచే ఆనుద్ది. ఎంత నూరినా అంతే." తర్వాత మూసి చూపించాడు. రేకు పిడి మధ్యలోకి దిగకుండా ఒక పక్కకి రాసుకుంది. "గోడకి తగిలించుకోండి. బాగుంటది."

అప్పుడు సొరుగులోంచి మూడు కత్తులు తీసి పేపరు మీద పెట్టాడు. ఒకటి తెల్ల పిడిది. ఒకదాని మీద బంగారు రంగు అక్షరాలు. మూడోది నల్ల పిడిది, రేకు మీద మచ్చలు. "ఒకటి ఎంచండి," అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా పిల్లలకి పరీక్షలు పెట్టిన దేవసహాయం ఇప్పుడు తానే పరీక్షకి కూర్చున్నాడు. తెల్లదాన్ని అద్దం మీద పెడితే కొస దగ్గర వెలుగు కనిపించింది. అక్షరాలది మూస్తుంటే పిడికి రాసుకుంది. నల్లది అద్దానికి అతుక్కున్నట్టు పడుకుంది. మూస్తే సరిగ్గా మధ్యలోకి దిగింది. కోటయ్య తన నెత్తి మీంచి ఒక వెంట్రుక పీకి ఇచ్చాడు. దాన్ని అంచుకి తాకించగానే చప్పుడు లేకుండా రెండయింది.

"ఇదే! కానీ మచ్చలున్నాయి కదా?"

"అంచు దాకా రాలేదు చూడండి. ఉక్కు మంచిదే. తుడిచి నూనె రాసుకుంటే చాలు. కత్తిని బాగానే ఎంచారు. ఇంక చెయ్యి చూడాలి." కోటయ్య ఒక రబ్బరు బుడగ ఊది, దాని మీద నురగ పూశాడు. "ఇది పగలకుండా నురగంతా తియ్యండి."

ఢాం! పక్క కుర్చీలో కూర్చున్నాయన మీసం తెల్లబడింది.

"కత్తి పట్టుకెళ్ళి వారం రోజులు సాధన చెయ్యండి. వరసగా పది బుడగలు నిలిస్తే కత్తి మీది. లేదంటే నాది నాకిచ్చెయ్యండి. మొహం కోసుకునేవాళ్ళకి నేను కత్తివ్వను," అన్నాడు కోటయ్య.

రోజూ స్కూలు వదలగానే దేవసహాయం ఇంట్లోంచి ఢాం, ఢాం అని చప్పుళ్ళు. తేనెటీగల సంగతి మర్చిపోయిన రావమ్మగారు, "పుట్టినరోజా బాబూ? మాట మాత్రం చెప్పలేదే!" అంటూ సేమ్యా పాయసం తెచ్చింది. కాదని చెప్పడానికి మొహమాటపడి గిన్నెడూ తాగాడు. శనివారానికి నలభై బుడగలు అయిపోయాయి. నిలిచింది ఒక్కటి. అది కూడా గాలి తక్కువైంది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన సరోజ, ఫ్యాను రెక్కకి అంటిన నురగని చూసింది. "ఇటివ్వండి," అని మోచేతుల దాకా చేతులు కడుక్కుని, బుడగని ఒళ్ళో పెట్టుకుని, కత్తిని వాల్చి పట్టుకుంది. నురగంతా మీగడలా లేచి వచ్చింది. రెండో బుడగా అంతే. మూడోదీ అంతే.

దేవసహాయం నోరు తెరిచాడు. "ఎక్కడ నేర్చుకున్నావ్?"

"బాపట్లలో పనిచేసినన్నాళ్ళూ ఆపరేషన్‌కి ముందు పేషెంట్లకి గీసిందెవరనుకున్నారు?"

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరు మాట్లాడటం ఆపితే గదా, చెప్పడానికి. కూర్చోండి."

వరండాలో కుర్చీ వేసింది. వేడినీళ్ళ తువ్వాలు, నురగ, కత్తి. ఎడమ బొటనవేలితో చర్మాన్ని లాగిపట్టి చెవి దగ్గర మొదలుపెట్టింది. పొడి ఇసుక మీద నడిచినట్టు సన్నటి చప్పుడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ చేతుల పనితనం ఒక్కసారైనా చూడలేదే అని దేవసహాయానికి సిగ్గేసింది. ఆ మాట అనబోయాడు.

"కదలకండి, తెగుద్ది," అంది సరోజ. కత్తి గొంతు మీదికి వచ్చింది. "వచ్చే నెల వేటపాలెం అక్క దగ్గరికెళ్ళి నాలుగు రోజులుంటాను. మీకేం అభ్యంతరం లేదుగా?"

దేవసహాయం రెప్ప కూడా వేయలేదు.

"మంచిది. ఇంకోటి. మనబ్బాయి ఇంజనీరింగ్ చదవడంట. వంటల కోర్సులో చేరతానంటున్నాడు. మీకు చెప్పడానికి భయపడతన్నాడు. నేను సరేనన్నాను. మీరు?"

కనుబొమలు రెండూ పైకి లేచాయి. కత్తి గడ్డం కిందికి జారింది. కనుబొమలు దిగాయి.

"సరేనన్నమాట."

తువ్వాలుతో తుడిచి అద్దం ఇచ్చింది. ఇప్పుడు వాదించడానికి అడ్డేమీ లేదు. దేవసహాయం చెంప తడుముకున్నాడు. మళ్ళీ తడుముకున్నాడు. "ఏం వంటలు నేర్పుతారంట?" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ తెనాలి వెళ్ళారు. కోటయ్య వేళ్ళ వెనకభాగంతో దేవసహాయం చెంప నిమిరాడు. "నున్నగా ఉంది. కానీ ఇది మీ చెయ్యి కాదు. కొత్తగా గీసుకునేవాళ్ళకి చెవి కింద మిగిలిపోద్ది." సరోజ వైపు తిరిగాడు. "కత్తి మీది తల్లీ. ఇలా రండి, తోలుపట్టీ మీద ఎలా తిప్పాలో చూపిస్తాను. ఎప్పుడూ వీపు ముందు, అంచు వెనక."

ఇద్దరూ పదును గురించీ, చర్మం గురించీ మాటల్లో పడ్డారు. రైలు టైమవుతోందని దేవసహాయం రెండుసార్లు అన్నాడు. ఎవరూ వినలేదు. బల్ల మీద కూర్చున్నాడు.

పక్కనున్నాయన, "మీ వంతు ఎప్పుడండీ?" అని అడిగాడు.

"నాకు ఇంట్లోనే అండి," అన్నాడు దేవసహాయం, కాస్త గర్వంగానే.